మూడో వరుస

మిర్యాలగూడ. సాగర్ రోడ్డు మీద రైస్ మిల్లు.
కాంటా గదికి పైన, ఊక దుమ్ము
కిటికీ అద్దాన్ని లోపలి నుంచి కూడా పట్టిన గది.
యాసంగి వడ్ల లారీలు గేటు దాటి రోడ్డెక్కినయి.
నా ముందర ఒక్క లైను కోడు:
తేమ ఎక్కువైతే క్వింటాలుకు ఎంత కొయ్యాలో చెప్పేది.
పొద్దున కాంటా తెరిచేలోపు దాన్ని మార్చాలె.

మార్చుడు ఎంతసేపు!
మారిస్తే ఇంకేమేం కదుల్తయో చెప్పుమన్నడు షావుకారు.
"గోడల నుంచి ఒక రాయి గుంజుతున్నవు,
ఇంకేం కూలదని రాసియ్యి."

నస్రీన్ దారం పట్టుకున్నది.
ఏ ఫంక్షన్ ఎవర్ని పిలుస్తది, వాళ్ళు మళ్ళా ఎవర్ని పిలుస్తరు,
పెండ్లి పిలుపులకు పోయినట్టు గడప గడపా ఎక్కింది.
రెండువందల పద్నాలుగు గడపలు.
అండ్ల మూడేండ్ల కింద మూసేసిన నూకల ఖాతా ఉంది,
ఎవ్వరూ నొక్కని బటన్ ఉంది.
తప్పేం కాదు. ఊరంతా చుట్టాలే అన్నోడు
ఎన్నడన్న తప్పు చెప్పిండా?
కానీ ఈ రాత్రికి నేను ఎవరి తలుపు కొట్టాలె?

వినోద పాత మార్పుల చిట్టా తీసింది.
ఆరేండ్లవి, తారీఖులతో సహా.
ఈ లైనును ముట్టిన పదకొండు సార్లల్ల
తొమ్మిది సార్లు చీటీ అచ్చేసే ఫైలును కూడా ముట్టిన్రు.
రెండిటి మధ్య దారం లేదు.
నస్రీన్ మళ్ళా వెతికింది, లేదు.
నల్లగొండ బస్సుల రోజూ పక్కపక్కన కూసునే ఇద్దరి లెక్క,
ఏమైతరో తెల్వదు,
ఒకరు దిగితే ఇంకొకరు దిగుతరు.

నేను నడిపించి చూసిన.
నిన్నటి నూటముప్పై బండ్లను
కొత్త లెక్కతోని మొదటి నుంచి మళ్ళా తూచిన.
పందొమ్మిది చోట్ల అంకె మారింది. పందొమ్మిదీ నిజం.
కానీ నిన్న వాన లేదు,
తడిసిన వడ్లు ఒక్క బస్తా రాలేదు.
రానిదాని సంగతి నిన్నను అడిగితే ఏం చెప్తది?

రాత్రి తొమ్మిది. కరెంటు పోయి వచ్చింది.
మూడు కాయితాలు పక్కపక్కన పెడితే
మూడిట్ల కలిసినవి ఏడే.
ఏడూ చూసినం, సరిగ్గనే ఉన్నయి.
వినోద మాట మీద చీటీల కూడా ఒక వరుస చేర్చినం,
'తేమ కోత' అని, పైన్నే,
రైతు కండ్లకు ఆనాలని.

తెల్లారి పదకొండింటికి
జానయ్య మేస్త్రీ మెట్లెక్కి వచ్చిండు,
చెమటకు మెత్తబడ్డ చీటీ పట్టుకొని.
"అరవై ఎనిమిది బస్తాల కూలి తక్కువొచ్చింది బిడ్డా.
ముఠా ఒప్పుకుంటలేదు.
మోసిన భుజాలు వేరే లెక్క చెప్తున్నయి."

చీటీ చూసిన. ఒక్క అంకె తప్పు లేదు.
బస్తాలు మూడువందల నలభై.
తేమ కోత రెండువందల డెబ్బై రెండు కిలోలు.
"నాకు చదువు రాదు, అంకెలే గుర్తుపడ్త.
మూడో వరుస బస్తాలది. పన్నెండేండ్ల సంది అంతే.
అదే చదివిన, క్యాషియర్ అంతకే కట్టిండు."

పాతోళ్ళు తొమ్మిది సార్లూ కొత్త వరుసను
అట్టడుగున్నే చేర్చిన్రు.
ఎందుకో ఎవరూ రాసిపెట్టలే.
చిట్టా మమ్మల్ని ఆ గడప దాకా తోలుకపోయింది,
లోపల ఎవరున్నరో మేమే తొంగి చూడలే.
ఏ దారమూ అందని కాడ, ఏ పరీక్షా నడవని కాడ
ఒక మనిషి చూపు
మూడో వరుస మీద ఒరిగి పన్నెండేండ్ల సంది నిలబడ్డది.

మిగిలిన కూలి కట్టించినం. కోత వరుసను కిందికి దింపిన.
రెండువందల పద్నాలుగు గడపల పట్టీ కింద
పెన్నుతోని రాసిన:
జానయ్య, ముఠా మేస్త్రీ, మూడో వరుస.
నస్రీన్ నవ్వలే.
"ఇంకా ఎవరెవరు ఉన్నరో" అన్నది.

కింద కాంటా మీదికి ఇంకో లారీ ఎక్కింది.
కిటికీ అద్దం సన్నగ వణికి
ఊక దుమ్ము కొంచెం రాలింది.